ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద 90 దాటితే నా తాబేలు తేలిపోతోంది, పైగా పొయ్యిలా కాగుతోంది

తాబేలు_69
తాబేలంటే నా 1969 వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు. 1300 సీసీ ఇంజిన్‌తో పుట్టింది, పోయినేడు చెన్నైలో కొన్నాను. ఇప్పుడున్న ఇంజిన్ దానిది కాదు. పాత ఓనరు 1600 డ్యూయల్ పోర్ట్ ఇంజిన్ తెచ్చి, 87 మి.మీ. సిలిండర్లు వేయించి 1641 సీసీ చేశాడు. ఒకటే కార్బురేటర్, 34 పిక్ట్-3. ప్లగ్గులకి కరెంటు పంచేది 009 డిస్ట్రిబ్యూటర్. వీధి చివర నుంచే వినపడే ఎగ్జాస్ట్. ముందు భాగం కిందికి దించాడు, చూడ్డానికి బాగానే ఉంటుంది.
గోల ఏంటంటే, గచ్చిబౌలిలో ఓఆర్‌ఆర్ ఎక్కి 90 దాటగానే స్టీరింగ్ తేలికైపోతుంది. పక్కనుంచి లారీ వెళ్తే అర లేను జరుగుతున్నాను. శంషాబాద్ దగ్గర దిగే మలుపులో భయపడి యాక్సిలరేటర్ వదిలేశాను, వెనక ఎవరో ఎత్తిపట్టినట్టు లేచి పక్కకు జరిగింది. చెమటలు పట్టాయి. దిగి సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైట్ మినుకుమినుకుమంటోంది. ఇక తొక్కగానే ఒక్క క్షణం ఆలోచించి గానీ కదలదు.
లక్షన్నర పక్కన పెట్టాను. రెండు వెబర్ కార్బురేటర్లు, 40 ఐడిఎఫ్‌లు కొని, ఇంజిన్ 1776 చేయిద్దామని. ముందు కార్బురేటర్లా, సిలిండర్లా?

1776_భయ్యా
రెండూ ఒకేసారి చెయ్ భయ్యా. 1641తో తృప్తి ఉండదు. నాది 90.5 మి.మీ. సిలిండర్లు వేయించి 1776 చేసి మూడేళ్లయింది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కుర్చీలోకి నొక్కేస్తుంది.

ఒరిజినల్_మాత్రమే
పాపం 1300ని ప్రశాంతంగా బతకనివ్వలేదు. కంపెనీ వాళ్లు దానికి చెప్పిన టాప్ స్పీడే 120 దగ్గర. ఓఆర్‌ఆర్ కుడి లేన్లలో 120 బోర్డు ఉంది కదా అని ఇది కూడా పోవాలా?

పల్సర్_పిల్లగాడు
లక్షన్నర నాకివ్వండి, నేను వెనకనుంచి తోస్తా. ఆలోచించకుండా కదులుతుంది.

మూడో_సిలిండర్
తాబేలు బాబూ, ఇప్పుడే ఏమీ కొనకు. నిలబడలేని కారుకి బలం పెంచితే ఇంకా త్వరగా పడుతుంది. నాలుగు సంగతులు చెప్పు. టైర్లలో గాలి ఎంత? కారుని పక్కనుంచి తీసిన ఫొటో ఉందా? ఇంజిన్ మూత తెరిచి చుట్టూ రబ్బరు సీలు ఉందో లేదో చూశావా? ఆయిల్ వేడి కొలిచావా, లేక చేత్తో ముట్టుకుని చెప్తున్నావా?

తాబేలు_69
గాలి అన్నిటికీ 32, బంకులో అబ్బాయి కొట్టాడు. టైర్లు 165/80 ఆర్15. ఫొటో పెట్టాను చూడండి సార్. సీలు ముందువైపు సగం ఉంది, మిగతాది లేదు. వేడి కొలవలేదు, లైట్ చూసి భయపడటమే.

గేర్‌బాక్స్_గౌరి
ఫొటో చూశాను. మీ కారు ముందు వంగి నమస్కారం పెడుతోంది, వెనక నిక్కి నిలబడింది. వెనక చక్రాలు చూడండి, కింద లోపలికి, పైన బయటికి వాలి ఉన్నాయి. ఖాళీ కారులోనే ఇలా ఉందంటే మీ శంషాబాద్ మలుపుకి జవాబు ఇక్కడే ఉంది.
మీది స్వింగ్ యాక్సిల్. చక్రం యాక్సిల్‌కి ఎప్పుడూ తొంభై డిగ్రీల్లోనే ఉంటుంది, వంగేది గేర్‌బాక్స్ పక్కన ఒక్కచోటే. భుజం కదిలి మణికట్టు బిగుసుకుపోయిన చేయిలాంటిది. కారు వెనక పైకి లేస్తే చక్రాలు కిందికి వేలాడి, అడుగుభాగం లోపలికి ముడుచుకుంటుంది. మలుపులో యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు పోతుంది, వెనక తేలికై లేస్తుంది. బయటి చక్రం ముడుచుకుని టైరు అంచు మీద నిలబడుతుంది. అప్పుడు పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు అదృష్టవంతులు, జరిగి ఊరుకుంది. నాది 2011లో అనంతగిరి ఘాట్‌లో పూర్తిగా వెనక్కి తిరిగి, వచ్చిన దారి వైపు చూస్తూ ఆగింది.

పల్సర్_పిల్లగాడు
కారుకే ఇంటికి పోవాలనిపించిందేమో అక్కా.

గేర్‌బాక్స్_గౌరి
ఆ రోజు నాకూ అదే అనిపించింది తమ్ముడూ.

మూడో_సిలిండర్
గౌరి గారు చెప్పింది వెనక సంగతి. ముందు తేలికవడానికి కారణం వేరే ఉంది. ముందు దించి వెనక అలాగే వదిలేస్తే క్యాస్టర్ తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలేసినా తిన్నగా పోయేది ఆ వాలు వల్లే. కారు మొత్తం ముందుకు వంగితే ఆ వాలు పోతుంది, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. దానికి తోడు ముందు టైర్లలో 32! ఇంజిన్ వెనక ఉన్న కారు ఇది, ముందు బరువే లేదు. పాత పుస్తకంలో ముందు 16, 18 దగ్గర, వెనక 24 నుంచి 27 దాకా ఉంటుంది. ఇప్పటి రేడియల్ టైర్లకి ముందు 20, వెనక 28 పెట్టి చూడు. అంకె కంటే తేడా ముఖ్యం, వెనక ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. దీనికి ఖర్చు సున్నా. ఈ రాత్రే చెయ్.

1776_భయ్యా
20 ఆ? మన గుంతల్లో రిమ్ము వంగిపోతుంది సార్.

మూడో_సిలిండర్
ముందు బరువు ఎంతనుకున్నావు? 20కి టైరు కింద ఉబ్బనైనా ఉబ్బదు. నలభై ఏళ్లుగా ఇంతే పెడుతున్నాను. రిమ్ములు వంగాయి, కాదనను, అదీ వెనకవే.

బాలానగర్_లేత్
తమ్మీ, ముందు బీమ్‌ల (ముందు చక్రాలను మోసే రెండు ట్యూబుల్ల) ఎత్తు మార్చే అడ్జస్టర్లు వెల్డింగ్ చేసిన్రా, లేకుంటే చక్రం తిరిగే స్పిండిల్స్ మార్చిన్రా? కింద పండి చూడు. అడ్జస్టరైతే రెండు ట్యూబుల మధ్యల బోల్టు గనపడ్తది. ఉంటే కొద్దిగ పైకి లేపి, కింది ట్యూబుకు బండికి మధ్యల క్యాస్టర్ షిమ్ములు పెట్టియ్యి. షిమ్ములంటే పెద్ద సంగతేం గాదు, మందం రేకు ముక్కలే. నా దగ్గర కోసిస్త, పైసలొద్దు. అంబాసిడర్ పిస్టన్లు వేసిన్నని మీరందరు నవ్విన్రు గద, షిమ్ములకైతే నవ్వరు.

ఒరిజినల్_మాత్రమే
అంబాసిడర్ పిస్టన్ల కథ ఇంకా మరిచిపోలేదు.

తాబేలు_69
ఆఫీసు అయ్యాక గాలి మార్చి ఓఆర్‌ఆర్ మీద నార్సింగి దాకా వెళ్లొచ్చాను. ముందు 20, వెనక 28. ఇదే కారా అనిపించింది. లారీ గాలికి ఇంకా ఊగుతోంది, కానీ లేను మారట్లేదు. బంకు అబ్బాయి మాత్రం నాలుగుసార్లు అడిగాడు, "సార్, ఇరవయ్యేనా? ఇరవయ్యేనా?" అని.
ఇప్పుడు వేడి సంగతి చెప్పండి. 1776 వేస్తే కొత్త సిలిండర్లు కదా, చల్లగా ఉంటుందా?

1776_భయ్యా
ఇందులో నిజాయితీగా చెప్పాలి. చల్లగా ఉండదు. 90.5 కోసం క్రాంక్‌కేసు, హెడ్లు రెండూ లేత్ మీద కోయాలి. నాది ఇంటికి తెచ్చిన మొదటి ఎండాకాలం మాదాపూర్ నుంచి సికింద్రాబాద్ పోతే ఆయిల్ 130 చూపించింది. తర్వాత బయట కూలర్, ఆయిల్ మొత్తాన్ని వడకట్టే ఫుల్ ఫ్లో ఫిల్టరు, ఆయిల్ నిలిచే లోతు సంపు అన్నీ పెట్టాకే దారికొచ్చింది. ఇంజిన్‌కి పెట్టినంత దాని చలవకీ పెట్టాను.

మూడో_సిలిండర్
ఈ ముక్క మొదటి రిప్లైలోనే రాసి ఉంటే పుణ్యం దక్కేది.
బాబూ, నా పేరు మూడో సిలిండర్ ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఈ ఇంజిన్‌కి నీళ్లు లేవు, ఫ్యానే ప్రాణం. ఫ్యాన్ గాలిని నడిపే రేకు పెట్టెని షరౌడ్ అంటారు. పాత షరౌడ్‌లో ఆయిల్ కూలర్ ఫ్యాన్ గాలికి అడ్డంగా, సరిగ్గా మూడో సిలిండర్ నెత్తిన నిలబడి ఉంటుంది. ముందు ఆయిల్ చల్లారాలి, మిగిలిన వేడి గాలి ఆ సిలిండర్‌కి. అందుకే వాల్వు విరిగితే ముందు విరిగేది అక్కడే. కంపెనీ ఈ తప్పు తెలుసుకుని 1971 మోడల్ నుంచి కూలర్‌ని కారు ముందువైపుకి జరిపి, దానికి విడిగా ఒక గూడు కట్టింది, ఫ్యాన్ వెడల్పు చేసింది. దాన్నే డాగ్‌హౌస్ అంటారు. నీ ఇంజిన్ తర్వాతిది, షరౌడ్ మాత్రం 69 నాటిదేనేమో అని నా అనుమానం. ఫ్యాన్ వైపు ఫొటో పెట్టు.
రెండోది, ఆ సీలు. ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులకీ బాడీకీ మధ్య రబ్బరు సీలు ఉండేది అందం కోసం కాదు. పైన చల్లగాలి, కింద సిలిండర్ల నుంచి వచ్చే వేడి గాలి, మధ్య గోడ అది. గోడకి చిల్లు పడితే ఫ్యాన్ కింది వేడి గాలినే మళ్లీ పీల్చుకుని మళ్లీ ఊదుతుంది.

గేర్‌బాక్స్_గౌరి
చిల్లు ఎక్కడుందో తెలియాలంటే ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి అగరుబత్తి పట్టుకోండి. పొగ పైకి లాక్కుపోయిందంటే అక్కడ కారుతోంది.

ఒరిజినల్_మాత్రమే
కార్బురేటర్ పక్కన అగరుబత్తి! వినాయక చవితికి ముందే నిమజ్జనం చేయిస్తారా?

గేర్‌బాక్స్_గౌరి
సరే సరే, తప్పు నాదే. టిష్యూ పేపరు సన్నగా చింపి పట్టుకుంటే చాలు, అదీ బెల్టుకి దూరంగా.

నల్లకుంట_నట్టు
మంట మాట వచ్చింది కాబట్టి. మాసాబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ మీద నా 72 మోడల్ బీటిల్ కాలిపోయింది. పెట్రోలు ఫిల్టరు ఇంజిన్ మీద వేలాడుతుండేది, దాని బరువుకి కార్బురేటర్ ఇత్తడి గొట్టం ఊడింది. పెట్రోలు డిస్ట్రిబ్యూటర్ మీద పడింది. క్రాంక్‌కేసు మెగ్నీషియం కలిసిన లోహం, అంటుకుంటే తెల్లగా మండుతుంది, నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. పాపం ఒకాయన బిందెతో పరుగెత్తుకొస్తుంటే నేనే ఆపాను. మీ ఫిల్టరు గేర్‌బాక్స్ దగ్గరికి దించండి. పైపులన్నీ మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు, పాత రబ్బరు పైపు వేలితో నొక్కితే బిస్కెట్‌లా పగులుతుంది. సీటు పక్కన చిన్న అగ్నిమాపక సిలిండరు పెట్టుకోండి. నాకు లేదు, అందుకే ఇప్పుడు కారూ లేదు.

తాబేలు_69
చదివి వెంటనే కిందికి వెళ్లి చూశాను. ఫిల్టరు సరిగ్గా మీరు చెప్పిన చోటే ఉంది. పైపు మీద తేదీ 2009. ఇవాళ బండి తీయను.

బాలానగర్_లేత్
ఆ ఇత్తడి గొట్టం ఒక్కటి తీస్కరా. మరలు కోసి ఊడకుండ బిగిస్త.

మూడో_సిలిండర్
ఇథనాల్ గురించి ఇంకో మాట. అది కలిస్తే అదే జెట్టుతో (కార్బురేటర్లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం) మిశ్రమం పలచనవుతుంది. మామూలు పెట్రోలు ఒక పాలు కాలడానికి గాలి 14.7 పాళ్లు కావాలి, 20 శాతం కలిపినదానికి 13.5 దగ్గర చాలు. అంటే పాత జెట్టు ఇచ్చే పెట్రోలు ఇప్పుడు చాలదు. పలచగా కాలితే హెడ్డు వేడెక్కుతుంది. మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెంచి, ప్లగ్గు రంగు చూడు. తెల్లగా ఉంటే ఇంకా పెంచు, గోధుమ రంగుకి వస్తే ఆగు.
ఇక తొక్కగానే ఆలోచించడం. దానికి మందు వెబర్లు కాదు. 009లో వాక్యూమ్ లేదు, అంటే ఇంజిన్ పీల్పుతో టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ) జరగదు, తిరిగే బరువులతో మాత్రమే ముందుకు జరుగుతుంది. ఇంజిన్ స్పీడు పెరిగాక గానీ ఆ ముందుకు జరగడం, అంటే అడ్వాన్స్, రాదు, నువ్వు తొక్కేది స్పీడు పెరగకముందు. మీ 34 పిక్ట్-3ని వాక్యూమ్ ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కి జతగా చేశారు. ఆ రెండింటినీ విడదీసినవాడు చౌకగా దొరికిందని 009 కొన్నాడు, అంతే.

1776_భయ్యా
009ని అంత తిట్టకండి సార్. రెండు కార్బురేటర్లతో నాకు మూడేళ్లుగా బాగానే ఉంది.

మూడో_సిలిండర్
రెండు కార్బురేటర్లతో బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అతనికి ఉన్నది ఒకటి. ఏది పెట్టినా 3000 దాటాక మొత్తం అడ్వాన్స్ 30 డిగ్రీల దగ్గర ఆగేలా స్ట్రోబ్ లైటుతో చూడాలి. చెవితో పెట్టకు. చెవికి బాగున్న టైమింగే పిస్టన్‌కి బొక్క పెడుతుంది.

పల్సర్_పిల్లగాడు
మా వీధి మెకానిక్ చెవితోనే పెడతాడు సార్, దేవుడు.

మూడో_సిలిండర్
నాయనా, ఆ దేవుడికి నీ బైక్ ఇవ్వు, బీటిల్ ఇవ్వకు.

తాబేలు_69
రెండు వారాలు కనపడలేదు, పని నడుస్తోంది. షరౌడ్ ఫొటో పెట్టాను. సార్ అన్నట్టే, పాతదే.
ఇంకోటి కనిపించింది. షరౌడ్‌కి రెండు పక్కలా అరచేయంత గుండ్రటి గొట్టాలు ఉన్నాయి, ఖాళీగా. చెయ్యి పెడితే గాలి తన్నుతోంది. అవి ఎందుకు?

మూడో_సిలిండర్
దొరికాడు దొంగ! అవి హీటరు గొట్టాలు. చలిదేశంలో ఫ్యాన్ గాలిని ఎగ్జాస్ట్ పక్కన ఉండే హీట్ ఎక్స్‌చేంజర్లలోంచి పంపి కారు లోపలికి వదులుతారు. పాత ఓనరు ఎగ్జాస్ట్ మార్చినప్పుడు చెన్నైలో హీటరు ఎందుకని అవి పీకేసి, గొట్టాలు మూయలేదు. హెడ్లకి పోవాల్సిన గాలి అందులోంచి వృథాగా పోతోంది. ఇవాళే మూసెయ్.

బాలానగర్_లేత్
రెండు అల్యూమినియం మూతలు తిప్పి పెట్టిన. లోపట ఓ-రింగు గాడి గూడ కొట్టిన. బుధవారం వచ్చి తీస్కపో. చాయ్ నీది.

గేర్‌బాక్స్_గౌరి
వేడి ఎలా కొలుస్తున్నారు? లైట్ చూసేనా ఇంకా?

తాబేలు_69
మా ఆవిడ కేకులు చేసే థర్మామీటర్ డిప్‌స్టిక్ రంధ్రంలో దింపాను. ఏమీ చేయకముందు గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 80లో పోతే 121. సీలు, మూతలు, జెట్టు, టైమింగ్ అయ్యాక అదే దారి, అదే మధ్యాహ్నం వేళ, 106. లైట్ వెలగలేదు. ఇంకా డాగ్‌హౌస్ పెట్టనే లేదు.
థర్మామీటర్ సంగతి ఆవిడకి నిన్న తెలిసింది.

పల్సర్_పిల్లగాడు
ఇప్పుడు ఇంట్లో వేడెంత అన్నా?

తాబేలు_69
121.

ఒరిజినల్_మాత్రమే
నవ్వించారు. కానీ ఒక సీరియస్ మాట. ఆర్‌సీలో ఏ ఇంజిన్ నంబరుంది? పాత 1300దే ఉంటే, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే. ఇంజిన్ మార్పు ఆర్‌టీఏలో రాయించుకోండి. ఇంకోటి, 50 ఏళ్లు దాటినవాటికి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు, నంబరులో వీఏ అని వస్తుంది. కారు పుట్టినట్టే ఉండాలి, బాడీ, ఛాసిస్, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ దారి మీకు మూసుకుపోయినట్టే. నేను ఒరిజినల్ ఒరిజినల్ అని అరిచేది ఊరికే కాదు.

1776_భయ్యా
వింటేజ్ నంబరు బండి రోజూ తిప్పుకోవడానికి కాదు కదా అన్నా. నేను పాలప్యాకెట్‌కి కూడా దాంట్లోనే పోతా.

తాబేలు_69
ఆర్‌సీలో పాత నంబరే ఉంది. ఇది నిజంగా ఆలోచించలేదు. పాత ఓనరు దగ్గర ఆ 1600 కొన్న బిల్లు ఉందేమో అడుగుతాను.
వెనక ఎత్తు సంగతి మిగిలింది. టార్షన్ బార్ (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) తిప్పాలంటున్నారు, ఎంత తిప్పాలి?

గేర్‌బాక్స్_గౌరి
లోపలి కొసకి 40 పళ్లు, బయటి కొసకి 44. లోపల ఒక పన్ను అంటే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను అంటే 8 పైచిలుకు. లోపల ఒకటి కిందికి, బయట ఒకటి పైకి తిప్పితే ఒక డిగ్రీ కంటే తక్కువ మారుతుంది. అలా సన్నసన్నగా దించండి. చక్రం పైభాగం కొద్దిగా లోపలికి వాలితే చాలు, నేలకి ఆనించొద్దు, మన స్పీడ్‌బ్రేకర్లు మీకు తెలుసు. విప్పేముందు స్ప్రింగ్ ప్లేటు (ఆ బారు బయటి కొసకి బిగించే పట్టీ) కోణం కొలిచి గోడ మీద రాసుకోండి. స్ప్రింగ్ ప్లేటు స్టాప్ మీదినుంచి జారేటప్పుడు కింద జాకీ, చేతులు దూరం. నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే.
ముందు లావుపాటి యాంటీరోల్ బార్ (కారు పక్కకి ఒరగకుండా పట్టే కడ్డీ) వేయండి. వెనక మాత్రం వేయొద్దు, స్వింగ్ యాక్సిల్‌లో వెనక వేస్తే ఇంకా త్వరగా తిరుగుతుంది. డబ్బు మిగిలితే క్యాంబర్ కాంపెన్సేటర్. గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే ఒక పట్టీ, రెండు చక్రాలూ ఒకేసారి వేలాడకుండా పట్టుకుంటుంది. పోర్షె 356 సూపర్ 90కి కంపెనీనే ఇలాంటిది పెట్టింది.

బాలానగర్_లేత్
ఆకు స్ప్రింగు ముక్కతోని అట్లాంటిది ఒకటి చేసిన ఇదివరకు.

మూడో_సిలిండర్
దానికి ఏమైంది?

బాలానగర్_లేత్
విరిగింది. కొనుక్కో తమ్మీ.

తాబేలు_69
మొన్న ఆదివారం పొద్దున చేవెళ్ల మర్రిచెట్ల దారిలో వికారాబాద్ దాకా వెళ్లొచ్చాం, ఆవిడ కూడా వచ్చింది. వెనక దించాను, షిమ్ములు పడ్డాయి, వాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్ పడింది. శంషాబాద్ మలుపు కూడా మళ్లీ తిరిగి చూశాను, ఈసారి యాక్సిలరేటర్ వదల్లేదు, సన్నగా తొక్కి ఉంచాను. కారు వెనక భాగం లేవకుండా నేలకి కూర్చునే ఉంది. తొక్కగానే కదులుతోంది. లక్షన్నరలో ఖర్చయింది 38 వేలు, అందులో ఎక్కువ భాగం డాగ్‌హౌస్ షరౌడ్, ఫ్యాన్, కూలర్‌కే. అవి ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. ఏప్రిల్‌లోపు పెట్టాలి.

1776_భయ్యా
మిగిలిన లక్షతో 90.5 సిలిండర్లు వస్తాయి. ఊరికే చెప్తున్నా.

మూడో_సిలిండర్
ముందు బ్రేకులు. నాలుగూ డ్రమ్ములే కదా?

తాబేలు_69
నాలుగూ డ్రమ్ములే సార్. దానికి కొత్త థ్రెడ్ మొదలుపెడతాను. ఈలోగా పాత 009 ఊరికే ఇచ్చేస్తాను, ఎవరికైనా కావాలా?

1776_భయ్యా
నాకు. స్పేరుకి పనికొస్తుంది. కొండాపూర్ వచ్చి తీసుకుంటా.

గేర్‌బాక్స్_గౌరి
కొత్త థర్మామీటర్ కొన్నారా లేదా?

తాబేలు_69
కొన్నాను. రెండు. ఒకదాని మీద ఆవిడ మార్కర్‌తో "వంటింటిది" అని రాసింది.